ఆరోగ్యవంతులకు వెల్లుల్లి నిషేధం

1957లో పెనుకొండలో భజన సమాజం వెలిసి, ఊరి ధర్మాన్ని నిలబెట్టే భారం కొండప్పగారి మీద పడింది. అంతటి ఆసామి తలుచుకుంటే ధర్మం నిలబడక ఏం చేస్తుంది? అధ్యక్షుడైన తొలినాడే సభ్యుల ఇళ్ళలో ఆయన వెల్లుల్లిని, ఊరి మాటలో తెల్లగడ్డని, నిషేధించారు. వాళ్ళ నాయన తెల్లగడ్డ కారం లేనిదే సంగటి ముద్ద ముట్టి ఎరుగడు. పెద్దరికం వచ్చాక అలాంటివి గుర్తుంచుకోకూడదు.

అయితే కొండప్పగారికి మోకాళ్ళ వాతం. పాలలో ఉడికించిన వెల్లుల్లి రోజూ తింటేనే కాళ్ళు భజనకు సహకరిస్తాయి. ఈ ధర్మసంకటం తీర్చడానికి హిందూపురం నుంచి శాస్త్రిగారు వేంచేశారు. దొంగతనంగా అమృతం తాగిన రాక్షసుడి తెగిన గొంతులోంచి రాలిన చుక్కే వెల్లుల్లి అని ఆయన విడమరిచారు. కనుక రోగి తింటే లోపలికి అమృతం పోతుందనీ, ఆరోగ్యవంతుడు తింటే రాక్షసుడు పోతాడనీ తీర్పు చెప్పారు. రాక్షసుడికి అంత విచక్షణ ఉన్నందుకు సభ సంతోషించింది.

అప్పుడే కొండప్పగారి కోడలు నీలావతికి రెండో కాన్పయింది. పాలు చాలక బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. బాలింతకు తెల్లగడ్డ కారం, నెయ్యి వేసి అన్నం పెడితే పాలు పడతాయని ఆ ఊళ్ళో ప్రతి ఆడదీ చెబుతుంది. అత్త సుబ్బలక్ష్మమ్మ వెళ్ళి భర్తను అడిగింది. కొండప్పగారు శాస్త్రం తప్పే మనిషి కాదు.

"కాన్పు రోగం కాదు గదే. కోడలు గుండ్రాయి మాదిరి ఉండాది. ఊరికే ఎట్ల పెడతావు?"

నీలావతికి ఒళ్ళు మండింది. బిడ్డతో పాటు తనూ ఏడ్చి ఏడ్చి, చివరికి గోడ పట్టుకుని కుంటుకుంటూ వచ్చింది.

"అత్తా, నాకూ మోకాళ్ళు పట్టుకున్యాయి. మామకొచ్చిన వాతమే నాకూ వచ్చిండాదని చెప్పు."

మామగారి రోగాన్ని కాదనే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికుంది? ఆ పూటే రోట్లో తెల్లగడ్డ పడింది. రెండు మూడు రోజుల్లో బిడ్డ కడుపునిండా తాగి నిద్రపోయింది.

వాతం అంటువ్యాధి కాదంటారు వైద్యులు. వాళ్ళు పెనుకొండ చూసి ఉండరు. నెల తిరక్కుండా వీధి వీధంతా కుంటింది. ధర్మవరం నుంచి పట్టుచీరలు అమ్మవచ్చిన చిన్నస్వామికి కూడా భోజనాల వేళకు మోకాలు పట్టేసింది. తెల్లగడ్డ పోపు వాసన వచ్చిన ఇంటి ముందు ఆగి "ఒళ్ళెట్లుండాది?" అని పరామర్శించడం మర్యాద అయింది.

వార్షికోత్సవంలో కొండప్పగారు గద్గద స్వరంతో ప్రకటించారు: "సభ్యులారా, నేడు మన సమాజంలో వెల్లుల్లి తినే ఆరోగ్యవంతుడు ఒక్కడు కూడా లేడు."

చప్పట్లు మోగాయి. రోగులందరూ లేచి గంటసేపు గెంతుతూ భజన చేశారు.

ఇది చదివి నవ్వే ధర్మాత్ములకు ఒక మనవి. మీ ఇంట్లో ఆడవాళ్ళకు కడుపునిండా తిండి కావాలంటే ఏ రోగం చెప్పుకోవాలో ముందుగానే చెప్పి ఉంచండి. పసిబిడ్డలు అంతసేపు ఏడవకుండా ఉంటారు.