గీతలో పడ్డ ఇల్లు

రాష్ట్రంలో ప్రతి అడుగు నేలకూ ఒక రంగు ఉండి తీరాలనీ, రంగులేని నేల నాగరికతకు తగదనీ ప్రభుత్వం నిర్ణయించింది. మంచిదే. ఇళ్లకు పసుపు, దుకాణాలకు ఎరుపు, ఏమీ కట్టకూడని చోటుకు పచ్చ. రాష్ట్రాన్నంతా ఒకే కాగితం మీదికి ఎక్కించి, చల్లటి గదిలో కూర్చుని పులిమేశారు. (నేల చూడ్డానికి ఎవరూ వెళ్లలేదు. చూస్తే పక్షపాతం వస్తుందట.)

మర్నాటికల్లా స్థలాల విలువ తలకిందులైంది. మా ఇంటికి ఇవతల పసుపు పడింది. అక్కడివాళ్లు నడక మార్చారు. అవతల పచ్చ పడింది. అక్కడివాళ్లు పలకరిస్తే ఏడ్చేట్టున్నారు. మధ్యలో మేం.

మా అక్క దర్జీ. కుట్టుమిషను వంటింట్లో, పొయ్యి పక్కనే. కొత్త చొక్కాల మీద నూనె చుక్కలు పడుతున్నాయని పాత ఖాతాదారులు ఒక్కొక్కరే జారుకుంటున్నారు. మేడ మీద గది పడకపోతే మిషను మూత పెట్టుకోవాల్సిందే. అనుమతి కోసం ఇద్దరం రంగుల ఆఫీసుకు వెళ్లాం.

గీతల విభాగపు ఉపాధికారి భూతద్దంతో పటం మీదికి వంగాడు.

"మీరు పసుపులో లేరే!"

"కొంపదీసి పచ్చా?" అంది అక్క.

"పచ్చా కాదమ్మా. రెంటికీ మధ్య నల్లగీత ఉందే, అందులో ఉన్నారు."

సంగతేమిటంటే, గీసిన పెన్ను మొద్దుది. కాగితం మీద దారమంత గీత, నేల మీదికొచ్చేసరికి మా వరస ఇళ్లన్నిటినీ మింగేసింది.

"మరి గీతకు రూల్సేంటి సార్?" అన్నాను.

"గీతకు రూల్సేంటయ్యా! రంగులకే రూల్సు."

"అయితే గది వేసుకోవచ్చా?"

"వద్దని ఎక్కడా లేదు. వేసుకోమనీ లేదు. మధ్యలో నన్నెందుకు ఇరికిస్తావ్?"

ఆయన నోరు మూసేలోపే అక్క మేస్త్రీకి ఫోన్ కలిపింది.

గది లేచింది. దాన్ని ఆనుకుని మెట్లు లేచాయి. మిషను మేడెక్కింది, జారుకున్న ఖాతాదారులు సిగ్గుపడకుండా తిరిగొచ్చారు. ఆ వెనకాలే స్థలాల బ్రోకరు ఊడిపడ్డాడు.

"బాబాయ్, పసుపులో గోడకు మేకు కొట్టాలన్నా అర్జీ పెట్టాలి. నిన్ను అడిగేవాడే లేడు. గీతలో ఇల్లంటే మాటలా! ఎంతకిస్తావ్?"

"మా అక్కనడుగు."

"అడిగా. కత్తెర చూపించింది."

ఇక చూడండి. పసుపువాళ్లు తమనూ గీతలో కలపాలని ఊరేగింపు తీశారు. పచ్చవాళ్లు ముందు నడిచారు. ప్రజాభిప్రాయానికి తలవంచి (అది వంగిన ఏకైక సందర్భం ఇదే) ప్రభుత్వం గీతను లావు చేయించింది. గీత పెరిగి పెరిగి ఊరు దాటేసింది. ఇంత గీతకు రూల్సు లేకపోవడం చట్టానికే చిన్నతనమని, గీతా నిబంధనలు వెలువడ్డాయి. గీత మీద కదలని కట్టడమేదీ ఉండరాదు. ఇప్పటికే ఉన్న ఇళ్లనూ గదులనూ దయతో మన్నించడమైనది.

ఉపాధికారి స్వయంగా మా ఇంటికి వచ్చాడు.

"గది ఉంచుకోవచ్చమ్మా. మెట్లు కొట్టేయాలి."

"మెట్లు లేకుండా గదిలోకెలా పోతాం నాయనా?"

"మన్నింపులో గది అని ఉంది. మెట్లని లేదు. మెట్లు గది కాదు కదా!"

"మరి నేను ఎగరాలా?"

ఆయన పుస్తకం తిరగేసి, ఎగరడం విమానయాన శాఖ కిందికి వస్తుందని చెప్పాడు. తర్వాత జాలిపడ్డట్టు గొంతు తగ్గించాడు. "నిచ్చెన వేసుకోండి. కదులుతుంది కాబట్టి కట్టడం కాదు."

మెట్లు కొట్టేశారు. అక్క ఇప్పుడు టేపు మెడలో వేసుకుని, కత్తెర నడుముకు దోపుకుని నిచ్చెనెక్కి పనికి వెళ్తోంది. లావుపాటి ఖాతాదారులకు కిటికీలోంచి టేపు వేలాడదీసి కొలతలు తీస్తోంది. "పొయ్యి పొగ కంటే ఇదే నయంరా తమ్ముడూ," అంటోంది పైనుంచి. ఊళ్లో ప్రతి మేడకూ ఒక నిచ్చెన వచ్చింది.

నిచ్చెనలన్నీ ఒకటే దుకాణంలో దొరుకుతున్నాయి. ఉపాధికారి గారి బావమరిది పెట్టాడు. రెండంతస్తులు, మేలురకం పైఅంతస్తులో ఉంటుంది. పైకి వెళ్లడానికి నున్నటి పాలరాతి మెట్లున్నాయి.