పొకో బూట్లు

ఆ పొద్దున చిగుసా టీచరు వేసుకున్న పథకం చాలా చిన్నది. వాన వెలిసింది కనుక, నీటిగుంటలో కాపురముండే ఒకణ్ణి తరగతికి చుట్టంగా పిలవాలి. వాడు ఎవరికీ కనిపించడు. ఎలా ఉంటాడో పిల్లలే ఊహించి చెప్పాలి.

ఊహ తెలియని పిల్లలకు ఊహలు నేర్పడమేమిటని ప్రిన్సిపాల్ కురహాషి గారి విసుగు. "ఉన్నది చూడ్డం నేర్పండి టీచర్ గారూ. ఇవాళ గొడవేదైనా అయిందా, రేపట్నించి మీకు తరగతి ఉండదు" అని, చుట్టం సంగతైనా వినకుండా వెళ్లిపోయారు. చిగుసాకది ఎన్నో ఊళ్లు తిరిగి సంపాదించుకున్న ఉద్యోగం. అయినా పాఠం మొదలుపెట్టింది.

పిల్లలు మాత్రం చుట్టాన్ని నెత్తిన పెట్టుకున్నారు. పేరు పొకో అన్నారు. లోపలికొచ్చేవాళ్లు బూట్లు విప్పి గుమ్మం పక్క అరలో పెట్టాలి గదా, పొకోకి మాత్రం మినహాయింపేమిటని కొయుకి అనే ఐదేళ్ల పిల్ల, మరచిపోయిన వస్తువుల పెట్టెలోంచి ఆకుపచ్చ రబ్బరు బూట్లు తీసి ఖాళీ అరలో పెట్టింది.

సాయంత్రం చిగుసా రంగు కాగితాలు కొనడానికి బజారుకెళ్లింది. తలుపులు వేయబోతూ కురహాషి గారు అర చూశారు. బూట్లు అరలో ఉన్నాయంటే పిల్లవాడు లోపలున్నట్టే. హాజరుపట్టీ కంటే ఆయనకు ఆ అర మీదే గురి. గదులన్నీ గాలించారు. జోడు ఉంది, జాడ లేదు.

అమ్మమ్మ కోసం కూర్చున్న కొయుకిని అడిగారు.

"ఇవి పొకోవి. పిలిస్తే రాడు, సిగ్గు."

"చివరిసారి ఎక్కడ చూశావమ్మా?"

"నేను చూళ్లేదు. నీళ్లల్లో ఉంటాడుగా."

కురహాషి గారు పరుగున వెళ్లి ఊరి మైకు ఆఫీసుకు ఫోను చేశారు. కాసేపటికి ఊరి మైకులన్నీ రోజూ సాయంత్రం వేసే పాట ఆపి, వట్టి మేజోళ్లతో ఒక పిల్లవాడు తప్పిపోయాడని చాటాయి. అగ్నిమాపక దళం వచ్చి బడి ఈతకొలను తోడసాగింది. మేజోళ్లు నీలమని, తాను కళ్లారా చూశానని టోఫూ కొట్టు ముసలాయన. కాదు, చారలవని పోస్టాఫీసావిడ. ఇద్దరూ తగువుకు దిగారు.

మైకు విని పరుగెత్తుకొచ్చిన చిగుసా ఏడుస్తూ నడుంలోతు నీళ్లలో దిగి వెతికింది. వెతికి వెతికి, పిల్లవాడి పేరేమిటని అడిగింది.

"పొకో" అన్నారు కురహాషి గారు.

చిగుసా నీళ్లలోనే కొయ్యబారింది. "సార్, వాడు ఎవరికీ కనిపించడండీ."

"తెలుసమ్మా. అందుకేగా వెతుకుతున్నాం."

ఇక గట్టెక్కి, పొద్దుటి పాఠం మొదలు గుమ్మం దగ్గరి బూట్ల దాకా కొలను దగ్గరున్నవాళ్లకు విప్పి చెప్పక తప్పలేదు. దళంవాళ్లు గొట్టాల మీద కూలబడ్డారు. తన వస్తువులు రేపు తీసుకెళతానని చిగుసా వంగి దణ్ణం పెట్టింది. "మరి నేను చూసిన కుర్రాడెవడు?" అన్నాడు ముసలాయన, ఒప్పుకోకుండా.

అంతలో మైకు ఆఫీసు నుంచి ఫోను. పిల్లవాడు దొరికాడా అని. తన మాట మీద ఇళ్లు వదిలి వచ్చినవాళ్లందరినీ కురహాషి గారు ఒకసారి కలయజూశారు.

"దొరికాడు" అన్నారు. అవతలివాళ్లు ఆనవాళ్లు అడిగినట్టున్నారు. ఆయన ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి, గొంతు తగ్గించి, "ఎలా ఉంటాడు టీచర్ గారూ?" అన్నారు.

"పిల్లల్నడిగి రేపు చెబుతాన్సార్."

"చెప్పండి. తరగతికి నేనూ వస్తాను."

పొకో క్షేమమని మైకులు చాటగానే ఊరు చప్పట్లు కొట్టింది. అందరికంటే గట్టిగా కొట్టింది సంగతి తెలిసినవాళ్లే.