గంగాబాయి బొటనవేళ్ళు

ఆ మంగళవారం గంగాబాయి వేసుకున్న పథకంలో లోటేమీ లేదు. తొమ్మిదిలోపు వంట, ఆ తర్వాత కాలికి వ్యాయామం, పదకొండింటికి యూనిఫాం చీర, కొత్త నల్లబూట్లు, పన్నెండింటికి స్కూలు బస్సు. ఆమె ఆ బస్సులో ఆయా. అందరూ 'మావ్‌శీ', అంటే పిన్ని, అని పిలుస్తారు. పిల్లల్ని ఎక్కించి దించడం పదకొండేళ్ళుగా ఆమెకు మంచినీళ్ళ ప్రాయం. కానీ ఇప్పుడు ఆయాలు మూసిన నల్లబూట్లే వేసుకోవాలని రూలు వచ్చింది. మంగళవారం నుంచి చెప్పులతో వచ్చినవాళ్ళు ఇక బస్సెక్కనక్కర్లేదని సూపర్‌వైజరు శీతల్ తేల్చి చెప్పింది.

గంగాబాయి కుడికాలు మాత్రం రూలుకు లొంగే రకం కాదు. బొటనవేలు పక్కవేలి మీదికి ఒరిగిపోయి, దాని మొదట్లో ఎముక నిమ్మకాయంత పొడుచుకొచ్చింది. ఆమె ఉండేది ముంబయి కామాఠిపురాలోని చాల్‌లో, వరసగదుల మేడలో. అక్కడ సలహాలకు కరువు లేదు కనుక ముందు పసుపు, ఆముదం, వేపాకు ముద్ద అన్నీ అయ్యాయి. చివరికి నాగ్‌పాడా డాక్టరు దగ్గరికి వెళ్ళింది.

"ఇది గడ్డ కాదమ్మా, కీలు పక్కకు జరిగింది. ఇప్పుడే కొయ్యక్కర్లేదు," అన్నాడాయన. "ముందుభాగం వెడల్పున్న బూట్లు వేసుకో. నొప్పి లేస్తే ఐసు పెట్టు. రెండు బొటనవేళ్ళకు కలిపి రబ్బరు బ్యాండు వేసి మెల్లగా ఎడంగా లాగు. వేలు తిన్నగా కాదుగానీ నొప్పి తగ్గుతుంది."

ఫాక్‌లాండ్ రోడ్డులో నాలుగు దుకాణాలు తిరిగితే ఆడవాళ్ళ బూటు ఒక్కటీ పట్టలేదు. మగవాళ్ళ బూట్లు కొని తెచ్చి, గుమ్మం బయట పెట్టింది.

తొమ్మిదిన్నరకు వ్యాయామం మొదలైంది. రెండో లాగుడుకే రబ్బరు బ్యాండు తెగింది. భర్త బాలనర్సయ్య సమయస్ఫూర్తి గల మనిషి. పాత ధోవతి అంచు చింపి, భార్య బొటనవేళ్ళు రెండూ కలిపి గట్టిగా ముడి వేశాడు.

"నువ్వు గుంజుకుంట ఉండు. నేను పోయి ఐసు తెస్త," అని కిందికి దిగాడు.

రాత్రంతా నొప్పితో నిద్రలేని గంగాబాయి నాలుగుసార్లు లాగింది. ఈగలు ముసురుతుంటే దుప్పటి ముఖం మీదికి కప్పుకుంది. అయిదోసారి లాగేలోపు నిద్ర పట్టేసింది.

పక్కింటి యాదమ్మ కరివేపాకు కోసం వచ్చి, తెరిచిన తలుపులోంచి చూసింది. ముఖం మీద దుప్పటి. కాళ్ళ బొటనవేళ్ళు కలిపి తెల్లగుడ్డతో కట్టి ఉన్నాయి. మన ఇళ్ళలో అలా ఎవరికి కడతారో యాదమ్మకు ఒకరు చెప్పాలా? ఆమె గుమ్మంలోనే కూలబడి శోకం అందుకుంది.

పావుగంటలో చాల్ మూడంతస్తులూ ఖాళీ అయి ఆ వరండాలోకి చేరాయి. గుమ్మం ముందు చెప్పులు గుట్టపడ్డాయి. కమిటీ కుర్రాడు ప్రథమేశ్ చాల్ వాట్సాప్ గ్రూపులో చేతులు జోడించిన బొమ్మ పెట్టి, శీతల్‌కు ఫోన్ చేసి, వెదురుబొంగులకు మనిషిని పంపాడు. పదేళ్ళలో ఒక్క పనీ ఇంత చురుగ్గా చేసి ఎరుగడు.

అప్పుడే బాలనర్సయ్య భుజాన గోనెసంచిలో ఐసుదిమ్మతో మెట్లెక్కి వచ్చాడు.

"పాపం, ఐసు గూడ ఆయనే తెచ్చుకున్నడు," అన్నారు ఎవరో. ఏడుపు రెట్టింపయింది.

"వేళ్ళు ఎవలు గట్టిండ్రు బావా?" అంది యాదమ్మ ముక్కు చీదుతూ.

"నేనే గట్టిన. ఏమైంది?"

"ఎంత గుండె రాయి చేసుకున్నవో," అని నలుగురూ ఆయన్ని పట్టి కూర్చోబెట్టారు. ఇంతమంది ఏడుస్తుంటే నిజమే కాబోలనుకున్నాడు బాలనర్సయ్య.

"నేను పోయేటప్పుడు మంచిగనే ఉండె," అని ఆయనా ఏడవసాగాడు.

ఆ గోలకు గంగాబాయికి మెలకువ వచ్చింది. ఎవరు పోయారో తెలుసుకుందామని దుప్పటి కింద చెవులు రిక్కించింది.

"గంగక్క అసొంటి మనిషి మల్ల పుట్టది," అంటోంది యాదమ్మ. "నల్ల కాడ ఒక్కనాడు నాతోని కొట్లాడలె."

పోయింది తానేనని గంగాబాయికి అర్థమైంది. అదైనా సహించేదేమోగానీ అబద్ధం సహించలేకపోయింది.

"నిన్ననే గద కొట్లాడినం," అంది దుప్పటి కిందనుంచి.

ఆ తర్వాత వరండాలో ఎవరి కాలికి ఏ చెప్పు దొరికితే అది వేసుకుని పరుగెత్తారు. గంగాబాయి భర్త చేత ముడి విప్పించుకుని బయటికి వచ్చేసరికి గుమ్మం ముందు నాలుగు వేరువేరు చెప్పులు, ఒక పిల్లల శాండలు మిగిలాయి. కొత్త బూట్లు లేవు. గడియారం పదకొండుంబావు చూపిస్తోంది. చావు తప్పింది కానీ ఉద్యోగం పోయేలా ఉంది. ఆమెకు నిజంగానే ఏడుపొచ్చింది.

అంతలో శీతల్ పూలదండతో మెట్లెక్కి వచ్చి, నిలబడి ఉన్న గంగాబాయిని చూసి గోడ పట్టుకుంది.

"బూట్లు కొన్న మేడం. ఎవలో ఏసుకపోయిండ్రు," అని గంగాబాయి వెక్కింది. "పనిల కెల్లి తియ్యకుండ్రి."

శీతల్ చూపు గంగాబాయి కుడికాలి మీదే ఆగింది. దండ పక్కన పెట్టి, నేలమీద కూర్చుని, కొసతేలిన తన నల్లబూట్లు విప్పింది. రెండు పాదాలకూ అదే నిమ్మకాయ. పైగా ఎర్రగా వాచి ఉంది.

"రెండేండ్ల సంది ఉన్నది మావ్‌శీ. రోజూ మీకన్న ముందు నేనే సస్తున్న," అంది మెల్లగా. "రూలు నాది గాదు, పైనోళ్ళది. అడగనీకి భయమైంది. మీ డాక్టరు ఏడ కూసుంటడు?"

ఐసు కరిగిపోకముందే మూడు పాదాలకూ పనికొచ్చింది. ఆ రోజు గంగాబాయి బస్సెక్కలేదు. మర్నాడు శీతల్ డాక్టరు చీటీ పట్టుకుని పైవాళ్ళతో మాట్లాడి వచ్చింది. ముందు వెడల్పుగా ఉన్న నల్లచెప్పులు ఏవైనా సరేనని రూలు మారింది. గంగాబాయి ఉద్యోగం నిలబడింది.

ఆ నెల హాజరుపట్టీలో మాత్రం మంగళవారం మధ్యాహ్నం షిఫ్టు ఆయాలందరికీ గంగాబాయి మృతికి సంతాపంగా సగంరోజు సెలవు పడింది. చెప్పకుండా మానేసినందుకు గంగాబాయికి గైర్హాజరు పడింది.