ఆరేలోపు ఇంకో పని

ఆయన అసలు పేరు కన్నతల్లి కూడా ఎప్పుడో మర్చిపోయింది. లోకానికంతటికీ ఆయన ప్లానయ్య. ఏ పని అయ్యాక ఏ పని మొదలవ్వాలి, మధ్యలో ఎంతసేపు ఆగాలి, ఇదీ ఆఫీసులో ఆయన ఉద్యోగం. ఇంట్లో ఆయన రోగమూ అదే. నీళ్లు కాగేలోపు గడ్డం గీసుకుంటాడు. గడ్డం నానేలోపు బూట్లు తుడుస్తాడు. తుమ్ము వస్తానని రాకుండా సతాయిస్తే, అది వచ్చేలోపు చొక్కాకి రెండు గుండీలు కుట్టేశాడని వీధిలో చెప్పుకుంటారు. "ఊరికే ఎదురుచూడ్డం అంత దండగ పని ఇంకోటి లేదు" అని ఇంటిల్లిపాదికీ నూరిపోశాడు. వాళ్లూ బాగానే వంటబట్టించుకున్నారు.

ఆ రోజు పొద్దున ప్లాను మాత్రం చాలా చిన్నది. ఆఫీసులో ప్లాను విభాగం పెద్ద కుర్చీ ఖాళీ అయింది. అందులో ఎవర్ని కూర్చోబెట్టాలో తేల్చడానికి పెద్దాఫీసరు వస్తున్నాడు. పోటీలో ఉన్నది ఇద్దరే, ప్లానయ్యా, పక్కింటాయనా. పక్కింటాయన జుట్టు కాకిరెక్కలా నిగనిగలాడుతుంది. ప్లానయ్య తల చిరిగిన దూదిపరుపు. ఈ కుర్చీ పోయిందా, ఆఫీసులోనే కాదు, పిట్టగోడ మీంచి కూడా పక్కింటాయన్ని "సార్" అనాలి! అందుకని లేస్తూనే తలకి నల్లరంగు పట్టించాడు. అరగంట ఆగి కడిగేసుకుంటే సరి. కదిలితే చెవుల మీదికి కారుతుందని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఏ పనీ లేకుండా కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

ఇల్లాలు చూసింది. ఈయనకి అరగంట దాకా నీళ్లతో పని లేదు కదా అనుకుని మేడెక్కి, ట్యాంకు ఖాళీ చేసి, నిచ్చెన వేసుకుని లోపలికి దిగి తోమడం మొదలుపెట్టింది.

ప్లానయ్య అత్తగారు చూసింది. నీళ్లు లేకపోతే పెరట్లోకి ఎవరూ పోరు కదా అనుకుని, ప్రహరీగోడ పూత ఆరడం కోసం గోళ్లు గిల్లుకుంటున్న తాపీమేస్త్రిని పిలిచింది.

"మేస్త్రీ, గోడ ఆరేలోపు ఖాళీయేగా? వంటింటి వెనక నడవలో గచ్చు వేసెయ్."

"వేస్తానమ్మా, నీళ్లేవి?"

"తాగేవి ఉన్నాయి, అవి పోసెయ్."

గచ్చు అద్దంలా వచ్చింది. దాటడానికి ఏదైనా అడ్డంగా పెట్టాలన్నాడు మేస్త్రి. "పైన మా అమ్మాయి తోమేలోపు నిచ్చెన ఖాళీయేగా" అంది అత్తగారు. మేస్త్రి నిచ్చెన తెచ్చి, అటో ఇటుక ఇటో ఇటుక పెట్టి, తడి గచ్చు మీద వంతెనలా పరిచాడు. తర్వాత, గచ్చు ఆరేలోపు ఇంకో ఇంట్లో పని చూసుకొస్తానని వెళ్లిపోయాడు.

ప్లానయ్య కళ్లు తెరిచి కుళాయి తిప్పాడు. కుళాయి నిట్టూర్చింది.

"ఏమే! నీళ్లేవీ?"

"ట్యాంకులో లేవండీ! నేనున్నాను!" గుహలోంచి వచ్చినట్టుంది ఇల్లాలి గొంతు.

"బయటికి రా, మోటరు వెయ్యాలి!"

"నిచ్చెన ఎవరో తీసుకుపోయారు! మోటరు వేశారంటే చేపలా తేలతాను, మీ ఇష్టం!"

"అత్తయ్యగారూ, తాగే నీళ్లు?"

"గచ్చులో ఉన్నాయి, అల్లుడూ."

"నిచ్చెన?"

"గచ్చు మీద ఉంది. అది ముట్టుకున్నావంటే నేను మనిషిని కాను!"

పక్కింటికి బిందె పట్టుకుపోదామంటే, పక్కింటాయన గేటు దగ్గరే తల దువ్వుకుంటున్నాడు. రంగు సంగతి తెలిస్తే పెద్దాఫీసరు బండి దిగకముందే ఆయన చెవిన వేస్తాడు. ఇక్కడ రంగు నుదుటి మీదికి పాకి ఆరిపోతోంది. తల కడగాలంటే నీళ్లు రావాలి, నీళ్లు రావాలంటే ఇల్లాలు రావాలి, ఇల్లాలు రావాలంటే నిచ్చెన రావాలి, నిచ్చెన రావాలంటే గచ్చు ఆరాలి, గచ్చు ఆరేసరికి సాయంత్రం! నిచ్చెన మీదుగా అవతలికి దాటి, అత్తగారికి అందకుండా అటునుంచి లాగేద్దామని ప్లానయ్య ఒక్కో మెట్టు మీద అడుగేశాడు.

"ఒరేయ్ అల్లుడూ!" అంది అత్తగారు. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ "ఒరేయ్" అనడం అదే మొదలు. ఎవర్నా అని ప్లానయ్య వెనక్కి తిరిగాడు. తిరిగినవాడు తిరిగినట్టే బోర్లాపడి, మెడ దాకా తలని గచ్చులో నాటేశాడు.

ఆ చప్పుడుకి ఇల్లాలు నిచ్చెనా లేదు గిచ్చెనా లేదు, ఒక్క గెంతులో ట్యాంకు దాటి కిందికొచ్చేసింది.

"ఈ పని ముందే చెయ్యొచ్చుగా!" అన్నాడు ప్లానయ్య, నోట్లోని ఇసక ఊస్తూ.

"ముందు చూడ్డానికి ఏముందండీ?"

ట్యాంకు నిండేదాకా ఆగే వ్యవధి లేదు. తువ్వాలుతో మొహం తుడుచుకుని, తల అలాగే వదిలేసి, ఆఫీసుకి పరిగెత్తాడు. దారి పొడవునా ఎండ తగిలి తల మీద సిమెంటు బూడిదరంగులో బిగుసుకుంది. కనుబొమ్మలు కదలవు, పెదాలు పూర్తిగా విచ్చుకోవు.

పెద్దాఫీసరు ఇద్దర్నీ ఎదురుగా నిలబెట్టి ఒకే ప్రశ్న అడిగాడు. "గోడకి పూత వేశారు. అది ఆరాలి. ఈలోపు ఏం చేయిస్తారు?"

"తలుపులు బిగిస్తాం, నేల తవ్విస్తాం, పైన ట్యాంకు తోమిస్తాం!" అన్నాడు పక్కింటాయన. "ఒక్క చెయ్యి ఖాళీగా ఉండనివ్వను సార్!"

ట్యాంకు మాట వినగానే ప్లానయ్య ఒకడుగు వెనక్కి వేశాడు.

"మరి మీరు?"

"ఆరనిస్తానండి."

"మనుషులు ఖాళీగా ఉంటారే?"

"ఇళ్లకి పంపేస్తానండి. పంపేముందు నిచ్చెన దాచేస్తానండి."

పెద్దాఫీసరు కుర్చీలోంచి లేచాడు. "నేను కట్టుకుంటున్న ఇల్లు ఏళ్ల తరబడి తెమలడం లేదయ్యా! వచ్చినవాడల్లా ఈలోపు ఇది, ఈలోపు అది అంటూ నా కొంప కూల్చాడు. ఆగడం తెలిసిన మనిషిని ఇన్నాళ్లకి చూశాను. ఆ తల ఊరికే నెరిసిందా?"

"సార్, అది నెరిసింది కాదు, సిమెం..." అన్నాడు పక్కింటాయన.

"మీరు కాస్త ఆగడం నేర్చుకోండి" అన్నాడు పెద్దాఫీసరు, కుర్చీ ప్లానయ్య వైపు జరుపుతూ.

జుట్టుకి పట్టిన నల్లరంగు బయటపడకుండా, అది పూర్తిగా వదిలేదాకా, వారానికోసారి మేస్త్రి వచ్చి కొత్త పెద్దసారు తలకి పల్చగా సిమెంటు పూత పూసి, అది ఆరేదాకా పక్కనే కూర్చుని వెళ్లేవాడు.