పిడుగు పంపిన మందు

ఆ రోజు లెక్కల మాస్టారికి ఉన్న పని ఒక్కటే: పదింటికల్లా ఆసుపత్రికి చేరడం. ముప్ఫై నాలుగేళ్లు నర్సుగా చేసిన ఆయన భార్యకు అక్కడ వీడ్కోలు సభ. "మన పెళ్లికే ఆలస్యంగా వచ్చిన మనిషి మీరు. ఇవాళ మీ కుర్చీ ఖాళీగా కనిపించిందో, ఊరుకోను," అని ఏడింటికే హెచ్చరించిందావిడ. గుమ్మం దాకా వెళ్లి, "ముక్కూ మొహం తెలియనివాళ్లతో ఆ యుద్ధం ఆట ఇవాళ్టికి కట్టిపెట్టండి," అని కూడా అంది.

కట్టిపెట్టేవారే. కానీ స్నానానికి వెళ్తూ ట్యాబ్ కూడా లోపలికి పట్టుకెళ్లారు, ఒక్క ఆట ఆడదామని. ఆటా అయింది, స్నానమూ అయింది, తలుపు తీయబోతే పిడి ఊడి చేతికొచ్చింది. ఫోను హాల్లో ఉంది. గొంతు చించుకున్నా బస్సుల రొదలో ఎవరికీ వినపడలేదు.

ఇక మిగిలింది ఆటే. అందులో రాయడానికి వీల్లేదు. తయారుగా ఉన్న నాలుగు మాటల మీటలు నొక్కాలి. నొక్కితే జట్టులో అందరి ఫోన్లలో ఒక బొంగురు గొంతు ఆ మాట అరుస్తుంది. 'గుండుసూది' పేరుతో ఆడే మాస్టారు "నేను ఆపదలో ఉన్నాను!" నొక్కారు. 'పిడుగు' అనే మహానుభావుడు, రెండేళ్లుగా రోజూ ఆయన ప్రాణం కాపాడుతున్నవాడు, వెంటనే మందుల పెట్టె పంపాడు. "తలుపు!" నొక్కితే పరుగున వచ్చి, ఆటలో ఎదురుగా ఉన్న తలుపును బాంబుతో పేల్చేశాడు.

"నాయనా, ఆ తలుపు కాదయ్యా!" అని మాస్టారు తల పట్టుకున్నారు.

తొమ్మిదిన్నరైంది. ఖాళీ కుర్చీ కళ్ల ముందు మెదిలి ఆయనకు ఏడుపొచ్చినంత పనయింది. అప్పుడు గుర్తొచ్చాడు కింది అంతస్తు పళ్ల డాక్టరు. ఈ బాత్రూము నీళ్లు తన గదిలోకి కారాయని రెండేళ్ల కిందట దెబ్బలాడి, అప్పట్నుంచీ మెట్ల మీద ఎదురైనా మొహం తిప్పుకుని పోతున్నాడు. అయినా ఇప్పుడు ఆయనే దిక్కు. మాస్టారు తువ్వాలు తూములో కుక్కి కుళాయి తిప్పేశారు.

కాసేపటికి, దగ్గరికి వేసి ఉన్న వీధి తలుపు తోసుకుని డాక్టరు వచ్చి పడ్డాడు.

"మళ్లీ మొదలెట్టారా? మీ నీళ్లు పేషెంటు నోట్లో పడ్డాయండీ! నోరు మూసుకుని వెళ్లిపోయాడు! బయటికి రండి, తేల్చుకుందాం!"

"రావాలనే కదండీ నా తాపత్రయం! తలుపు బద్దలు కొట్టండి!"

"పైగా వెటకారమా? మీతో నాకు మాటలేంటి!"

అడుగులు దూరమయ్యాయి. దిక్కుతోచక మాస్టారు మళ్లీ ఆటలో మీట నొక్కారు.

"నేను ఆపదలో ఉన్నాను!" అని డాక్టరు జేబులోంచి బొంగురు గొంతు అరిచింది.

అడుగులు ఆగాయి.

"గుండుసూది... మీరా?"

"పిడుగు గారూ!"

డాక్టరు కిందికి పరుగెత్తి, పన్ను పీకే పటకారు తెచ్చి, తాళాన్ని వేళ్లతో సహా ఊడబెరికాడు. మాస్టారు ఆయన చేతులు వదల్లేదు.

"ఇన్నాళ్లూ నన్ను కాపాడింది మీరా! మీ మేలు జన్మలో మరిచిపోను."

"ఊరుకోండి మాస్టారూ. పొద్దున్నే నన్ను తలుచుకునే మనిషి మీరొక్కరే. పదండి, చొక్కా వేసుకుని స్కూటరెక్కండి!"

పదికి రెండు నిమిషాలుందనగా, తల తుడుచుకోకుండానే మాస్టారు తన కుర్చీలో కూర్చున్నారు. భార్యకు కళ్లు చెమ్మగిల్లాయి. సభ అయ్యాక ఆవిడ డాక్టరుకు రెండు చేతులెత్తి దణ్ణం పెట్టింది.

"మీ మేలు మరవలేనండీ. ఇంతకీ మీ ఇద్దరికీ మాటలెప్పుడు కలిశాయి?"

"రెండేళ్లయిందండీ," అన్నాడు డాక్టరు.

కుళాయి కట్టలేదన్న సంగతి ఇద్దరికీ అప్పుడు గుర్తొచ్చింది.