ఆప్షన్ డి: పైవన్నీ

“రాసుకోండ్రి! తొంభై దినాలల్ల అమీర్‌పేట గడ్డ మీద బొటులిజం అన్నది లేకుంట చేస్తం!” అని పంజాగుట్టల ప్రెస్‌మీట్ పెట్టి రాజనర్సయ్య గారు గర్జించిన్రు.

రాజనర్సయ్య గారు రాష్ట్ర నిల్వ ఆహార సంరక్షణ మండలికి చైర్మన్. నిల్వ తిండి విషమైతే వచ్చే ఆ రోగం అప్పటికి అమీర్‌పేటల ఒక్కరికి సుత రాలే. వచ్చినంక తరిమెటోళ్లు మస్తుమంది ఉంటరు, రాకముందే తరిమెటోడు యుగానికొక్కడు పుడతడని పక్కనున్నోళ్లు చప్పట్లు కొట్టిన్రు. అందరికంటె గట్టిగ కొట్టింది చక్రపాణి.

చక్రపాణి మండలికి సాంకేతిక సలహాదారు. మైక్రోబయాలజీల గోల్డ్ మెడల్. బొటులిజం తెచ్చే బాక్టీరియా జన్యువుల మీద ఆరేండ్లు రీసెర్చ్ చేసిండు. అది ఒడవకముందే తన ఓపిక ఒడిసి, అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల బయాలజీ బిట్లు రాసే పనిల పడ్డడు. ఇరవై ఏండ్లల ఆయన రాసిన బిట్ ఒక్కటి సుత తప్పని ఎవ్వరు నిరూపించలే. లోకంల ఆయనకు మిగిలిన గర్వం గదొక్కటే. ఆయన గొప్పలల్ల పెండ్లాం ఒప్పుకున్నది సుత గదొక్కటే.

ఆ సెంటర్ ఓనర్ రాజనర్సయ్య గారే. పదవిలకు వచ్చినంక సుత ఆయనది కోచింగ్ పద్ధతే. ఫైలు చదవరు. ఏ సంగతైనా నాలుగు ఆప్షన్లు పెట్టి బిట్ లెక్క రాసి తేవాలె. ఆయన టిక్కు పెడతరు. ఆ టిక్కే ఆర్డర్.

ప్రెస్‌మీట్ అయినంక ఛాంబర్ల చక్రపాణి చేతులు కట్టుకొని నిలబడ్డడు. “సార్, ముందు జర రోగం సంగతి చెప్త.”

“చెప్పు. గని షార్ట్‌కట్ల చెప్పు.”

“ఈ బాక్టీరియాకు గాలి పడదు సార్. గాలి తగిలితే సిద్ధబీజమై ముడుచుకొని ఏండ్లకేండ్లు మట్టిల పడుంటది. ఉడకబెట్టినా చావదు. గాలి ఆడని జాగ దొరికిందంటే లేస్తది, విషం తయారు చేస్తది.”

“అంటే టికెట్ రానప్పుడు మూలకు కూసుంటది, టైమ్ రాంగనే లేస్తది. తెలివిగల్లదే.”

“ఆ విషం నరాల మీద పడుతది సార్. రెప్పలు వాలుతయి, మాట ముద్దయితది, ఆఖరుకు ఊపిరి ఆగుతది.”

“మరి విషం దాని పుట్టుకల్నే ఉన్నదా?”

చక్రపాణికి పానం లేసొచ్చింది. ఇరవై ఏండ్ల సంది ఆ ప్రశ్న ఎవ్వరు అడగలే. “కొన్ని రకాలల్ల ఆ విషం జీన్ దానిది కానేకాదు సార్! దాంట్లకు దూరిన ఒక వైరస్ తెస్తది. వైరస్ ఎల్లిపోతే ఇది ఉత్త అమాయకపుది. ఇంకో వైరస్ దూరిందంటే విషం రకమే మారుతది.”

ఇప్పటికి మూడు కండువాలు మార్చిన రాజనర్సయ్య గారు గంభీరంగ తల ఊపిన్రు. “పాపం, దాని తప్పేమున్నది,” అన్నరు. తర్వాత వాచ్ చూసుకొని, “బిట్ రాసుకరా పో,” అన్నరు.

చక్రపాణి రాసిండు. కర్రీ పాయింట్ కూరను బొటులిజం నుంచి కాపాడేది ఏది? ఎ: తినే ముందు పది నిమిషాలు మసలబెట్టుడు. బి: గాలి తీసి ప్యాకెట్ సీల్ చేసుడు. సి: సీల్ చేసిన ప్యాకెట్‌ను అమ్మేముందు మూడు దినాలు బయట పెట్టి చూసుడు. డి: పైవన్నీ.

జవాబు ఎ. సిద్ధబీజం చావకున్నా, మసిలితే విషం ఇరిగిపోతది. బి, సి చేసుడంటే ఆ బాక్టీరియాను కొత్తల్లుని లెక్క కూసోబెట్టి మేపుడే. గని మంచి బిట్ అంటే తప్పు ఆప్షన్ సుత ఒప్పు లెక్క కండ్లవడాలె గద! ఆ రెండు రాసినంక తన పనితనానికి తానే మురిసిండు చక్రపాణి. ఆ మురిపెంల డి సుత రాసిండు, అలవాటు కొద్ది.

రాజనర్సయ్య గారు ముప్ఫై బ్యాచ్‌లకు నేర్పిన సూత్రం ఒక్కటే: తెలియకుంటే పైవన్నీ పెట్టు. అదే పెట్టిన్రు.

“సార్, అది...”

“ఏంది, బిట్ తప్పు రాసినవా?”

“తప్పా? నా బిట్టా? ఎట్లయితది సార్!” అన్నడు చక్రపాణి. రోషం పొడుచుకొచ్చి అసలు సంగతి గొంతులనే ఉండిపోయింది.

మర్నాడు ఆర్డర్ వచ్చింది. అమీర్‌పేట కర్రీ పాయింట్లన్నీ కూరను గాలి తీసి సీల్ చేసి, మూడొద్దులు దుకాణం ముందట పెట్టి, అప్పుడే అమ్మాలె. వారంల అమలు చెయ్యకుంటే షట్టర్ బంద్.

మైత్రీవనం వెనక సందుల స్వరాజ్యం కర్రీ పాయింట్ ఉన్నది. చక్రపాణి మధ్యాహ్నం తిండి ఏండ్ల సంది అక్కడిదే. మొగడు పోయినంక ఇద్దరు బిడ్డలను ఆమె ఆ దుకాణం మీదనే చదివిస్తున్నది.

“సారూ, పొద్దుగాల వండుత, రెండు కొట్టేసరికి గిన్నెలు కడుగుత. మూడొద్దులు ఎందుకు దాయాలె? ఇది కూరనా, మామిడికాయ తొక్కా?” అన్నది స్వరాజ్యం.

“సర్కారు మస్తు పరిశోధన చేసి...”

“ఎవడు చేసిండు గా పరిశోధన? వాని నోట్ల మన్ను వడ!”

చక్రపాణి తల వంచుకొని అన్నంల పప్పు కలుపుకున్నడు.

నాలుగో దినం ఆమె ఆయన ముందట రెండు ప్యాకెట్లు పెట్టింది. ఆర్డర్ ప్రకారం సీల్ చేసి చూసినవి. పూరీల లెక్క ఉబ్బినయి. “గివి హాస్టల్ పోరగాండ్లకు అమ్మాల్నా? నా బిడ్డల వయసోళ్లు. దుకాణం పోతే పోయింది గని నేనైతే అమ్మను. నువ్వు పెద్ద ఆఫీసుల ఉంటవు, జర చెప్పు సారూ. నీ కాల్మొక్త.”

చక్రపాణికి సిగ్గుతోని చెవులు కాలినయి. గోల్డ్ మెడల్ తనది, బుద్ధి ఆమెది. పంజాగుట్ట దాక ఉరికిండు. “సార్, బి, సి తప్పు! వాటితోనే రోగం వస్తది. జవాబు ఎ!”

రాజనర్సయ్య గారు కోపానికి రాలే. మహానుభావులకు కోపం ఉండదు. “గింతేనా? మనది ప్రిలిమినరీ కీ అనుకో. అభ్యంతరాలు పిలుద్దాం.”

మూడొద్దుల గడువు పెట్టి పిలిచిన్రు. వచ్చిన అభ్యంతరం ఒక్కటే, చక్రపాణిది. దాన్ని పరిశీలించెతందుకు నిపుణుల కమిటీ వేసిన్రు. ఆ రోగం తెలిసిన నిపుణుడు ఆఫీసుల ఒక్కడే ఉండె. అందుకని కమిటీ అధ్యక్షుడు చక్రపాణి, సభ్యుడు చక్రపాణి.

కమిటీ సమావేశమైంది. అధ్యక్షునికి ఒక చాయ్, సభ్యునికి ఒక చాయ్ వచ్చినయి. రెండూ తాగిండు. “జవాబు ఎ” అని రాస్తే ఆర్డర్ రద్దయితది. గని చైర్మన్ గారు తప్పు చేసిన్రని కాయితం మీద పడుతది. వచ్చే నెల తన కాంట్రాక్టు రెన్యువల్ మీద సంతకం పెట్టాల్సింది ఆయనే. ఇంకో దారి ఉన్నది: ప్రశ్న తొలగించుడు. అట్లయితే ఎవ్వరి తప్పూ ఉండదు. ప్రశ్నే లేకుంటే ఆర్డర్ ఎక్కడుంటది, స్వరాజ్యం సుత బతుకుతది అనుకున్నడు. నిజంగనే అనుకున్నడా, అట్ల అనుకుంటె బాగుంటదని అనుకున్నడా, గది కమిటీల చర్చకు రాలే.

“ప్రశ్న తొలగించడమైనది. అందరికీ ఒక మార్కు కలపవలెను,” అని రాసి, రెండు సంతకాలు పెట్టిండు.

రాజనర్సయ్య గారు కౌగిలించుకున్నరు. సాయంత్రమే ప్రెస్‌మీట్. “అమీర్‌పేటల బొటులిజం అన్న ప్రశ్నే లేదు!” అని చాటిన్రు. తెల్లారి అన్ని పేపర్లల్ల వచ్చింది.

పేపర్ పట్టుకొని చక్రపాణి మైత్రీవనం వెనక సందులకు ఉరికిండు. అక్కడ ఇన్‌స్పెక్టర్ అఫ్జల్ తాళంచెవులతోని షట్టర్ కింద నిలబడి ఉన్నడు. స్వరాజ్యం గంటె పట్టుకొని ఉన్నది.

“ఆగు అఫ్జల్ భాయ్! ప్రశ్న తీసేసినం, చూడలేదా?”

“చూసిన సార్, మస్తు ఖుష్ అయిన. ప్రశ్న తీసేసిన్రు. జవాబు తీసెయ్యమని ఎవ్వరు రాయలే. దాని మీద చైర్మన్ సాబ్ సంతకం అట్లనే ఉన్నది.”

స్వరాజ్యం చక్రపాణి దిక్కు చూసింది. “గా ప్రశ్న రాసినోనివి నువ్వే గద సారూ?”

“ఫికర్ చెయ్యకమ్మా. మళ్ల అభ్యంతరం పెడత,” అన్నడు చక్రపాణి.

అఫ్జల్ గొంతు తగ్గించి, “అమ్మా, తాళం ఏసేముందు జర పప్పు కట్టియ్యి. పొద్దుగాల వండింది. గా ఉబ్బినవి వద్దు. చైర్మన్ సాబ్ లంచ్‌కు,” అన్నడు.

స్వరాజ్యం పొగలు కక్కుతున్న పప్పు రెండు కవర్లల్ల పోసి దారం చుట్టి ఇచ్చింది. చైర్మన్ సాబ్‌కు ఒకటి, అఫ్జల్‌కు ఒకటి. గిన్నె అడుగున ఇంకొక్కరికి సరిపోయేంత మిగిలింది.

చక్రపాణి సుత చెయ్యి చాపిండు.