‘రాదు’ అనకూడని బడి

ప్రపంచంలో మొండి పిల్లలు, మొద్దు పిల్లలు అనే జాతి ఒక సోమవారం ఉదయం పదిన్నరకి అంతరించిపోయింది. ఆ బడి స్టాఫ్‌రూమ్ గోడ మీద పదశుద్ధి నియమావళి అతికించింది సరిగ్గా అప్పుడే.

అన్నిటికీ మూలం ఒక ఫోన్. ఇంగ్లీషు మాస్టారు ఒక తండ్రితో మర్యాదగా మాట్లాడి, ఫోన్ పెట్టేశాననుకుని (పెట్టలేదు), "వీడి కొడుకు శుద్ధ వెధవ, వీడు వాడిని మించిన వెధవ" అన్నాడు. ఆ తండ్రి వకీలు.

మూడో రోజుకల్లా ఒక సంఘం, సంఘానికో రబ్బరు స్టాంపు, స్టాంపు వేయడానికో పదశుద్ధి అధికారి తయారయ్యారు. అధికారి అంటే ఎవరో కాదు, డ్రిల్లు మాస్టారే. (ముందు వారం దాకా ఆయన పిల్లల్ని పిలిచిన పేర్లన్నీ నాలుగు కాళ్లవే. అనుభవం ఉన్న మనిషినే ఎన్నుకున్నారు.)

ఇకమీదట మొండివాడు ‘దృఢ సంకల్పుడు’. వాగుడుకాయ ‘సంభాషణాప్రియుడు’. పక్కవాడి పెన్సిలు కొట్టేసేవాడు ‘ఇతరుల వస్తువులపై ఆసక్తి గలవాడు’. మొద్దు ‘వికసించవలసినవాడు’. వీటన్నిటికీ తలమానికం ఏడో నియమం: విద్యార్థి గురించి రాసే ఏ వాక్యంలోనూ రాదు, లేదు, కాదు అనే మాటలు కనిపించకూడదు.

పది రోజుల్లో టీచర్లు ఆరితేరిపోయారు.

"మీ సెక్షన్‌లో వికసించవలసినవాళ్లు ఎంతమంది మేడమ్?"

"ఇరవై మంది సార్. ఇప్పుడే ఒక వికసించవలసినవాడికి చెవి మెలిపెట్టి వస్తున్నా."

నోళ్లు శుభ్రపడ్డాయి. పెదవి విరుపు మాత్రం పాతదే. (నియమావళిలో పెదవుల ప్రస్తావన లేదు.)

ఇరుకున పడిందల్లా లెక్కల టీచరు. ఆవిడ ఏడో తరగతికి క్లాస్ టీచరు. ఆ క్లాసులో ఒకడున్నాడు, పాత భాషలో సుడిగాలి. బెంచీలు తలకిందులు చేసేవాడు, పక్కవాడి చొక్కా చింపేవాడు. ప్రతి గొడవా రాసుకునే రిజిస్టరు ఆవిడ దగ్గరే ఉంటుంది. ఒక మధ్యాహ్నం అలవాటు కొద్దీ లెక్క వేసింది. పదకొండు గొడవలు. పదకొండూ పిల్లల చేత వరుసగా పాఠం పైకి చదివిస్తున్నప్పుడే. పదకొండూ వాడి వంతు ఇంకా ఇద్దరి తర్వాత ఉందనగానే.

వాణ్ణి పిలిచి కూర్చోబెట్టింది. మూడో తరగతి వాచకం తలకిందులుగా చేతికిచ్చింది. వాడు తిప్పలేదు. అలాగే చూస్తూ కూర్చున్నాడు.

"ఎన్నేళ్ల నుంచిరా ఈ నాటకం?"

వాడు వాచకం మూసి బల్ల మీద పెట్టాడు. "అందరికీ చెప్పేస్తారా టీచర్?" అన్నాడు.

"చెప్పకపోతే నీకెవరు నేర్పిస్తార్రా?"

"నేర్పిస్తారా?"

నేర్పించే మనిషి ఉంది. చదవడం రాని పిల్లల కోసం విద్యాశాఖ ఆఫీసు వాళ్లు ప్రత్యేకంగా ఒక టీచరమ్మని పంపిస్తున్నారు. ఈ ఒక్క ఏడాదికే. పన్నెండు మందికే. జాబితా శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ముగుస్తుంది. వచ్చే ఏడు వాడు పెద్ద బడికి వెళ్లిపోతాడు. అక్కడ వాడి ముఖం చూసేవాళ్లే ఉండరు, ఇక వాచకం ఎటు పట్టుకున్నాడో ఎవరికి కావాలి?

శుక్రవారం పొద్దున్నే ఫారం నింపి అధికారి బల్ల మీద పెట్టింది. ఆయన చదువుతూ చదువుతూ కళ్లద్దాలు తీసేశాడు.

"ఏంటి మేడమ్ ఇది? ‘చదవడం రాదు’ అని రాశారు! మీలాంటివాళ్లే ఇలా రాస్తే ఎలా?"

"రాదు కాబట్టి రాశాను మాస్టారూ."

"రాకపోవచ్చు. కానీ గౌరవంగా లేదు కదా!"

ఆ వాక్యం కొట్టేసి, ముద్దొచ్చే దస్తూరీలో దిద్దాడు: ‘పఠన రంగంలో అపారమైన అవకాశాలు గల విద్యార్థి.’ స్టాంపు పడింది. ఫారం విద్యాశాఖ ఆఫీసుకి వెళ్లి, మధ్యాహ్నం మూడున్నరకి తిరిగొచ్చింది. దాని మీద ఇలా ఉంది: ‘అపారమైన అవకాశాలు గలవారికి ప్రత్యేక సహాయం అవసరం లేదు.’ (ఆఫీసు ‘లేదు’ అనవచ్చు. నియమం టీచర్లకే.)

జాబితాలో అప్పటికి పన్నెండు గళ్లూ ఖాళీ. బడినిండా అపారమైన అవకాశాలే మరి.

లెక్కల టీచరు ఒక తెల్లకాగితం లాగింది. ‘ఈ పిల్లవాడికి చదవడం రాదు. అక్షరాలు కూడా రావు. నేర్పండి.’ అధికారిని దాటుకుని తిన్నగా హెడ్మాస్టరు బల్ల మీద పెట్టింది.

హెడ్మాస్టరు ముఖంలో నెత్తురుచుక్క లేదు. "ఒకే కాగితం మీద రెండుసార్లు!" అన్నాడు. అయిదు నిమిషాల్లో విచారణ మొదలైంది. (అక్కడ ఏ పనైనా అంత త్వరగా మొదలవడం అదే ప్రథమం.)

బడికి ఎదురుగా కుట్టుమిషన్ పెట్టుకున్న వాడి తల్లిని పిలిపించారు. మెడలో టేపుతోనే వచ్చింది.

"ఆవిడ చెప్పింది నిజమేనయ్యా. మావాడికి చదవడం రాదు."

"అమ్మా, మీరు కూడా ఆ మాట అంటే ఎలా? బాబు ఆత్మగౌరవం ఏం కావాలి?" అన్నాడు అధికారి.

"వాడి గౌరవం నేను చూసుకుంటాను బాబూ. మీరు నాలుగు అక్షరాలు నేర్పించండి."

"బాధలో ఉన్నారు. మంచినీళ్లివ్వండి."

ఈలోగా పిల్లవాడి తరఫున అరపేజీ ఫిర్యాదు టైపయింది. లెక్కల టీచరు తనను లిఖితపూర్వకంగా అవమానించిందని, తాను తీవ్ర మనస్తాపానికి గురయ్యానని అందులో ఉంది. కాగితం వాడి ముందు పెట్టి పెన్ను చేతికిచ్చారు.

"ఇందులో ఏముంది టీచర్?" అని వాడు ఆవిడనే అడిగాడు.

"ఆవిడతో మాట్లాడకూడదు బాబూ, ఫిర్యాదు ఆవిడ మీదే" అని అధికారి కాగితం చివర వేలు పెట్టి చూపించాడు. "ఇక్కడ."

పేరొక్కటీ వాడికి బొమ్మ గీసినట్టు గీయడం వచ్చు. నాలుక బయటపెట్టి, జాగ్రత్తగా గీశాడు.

నాలుగు గంటల బెల్లు మోగింది. హెడ్మాస్టరు ఆ సంతకం కింద తీర్పు రాశాడు: ‘పై ఫిర్యాదును విద్యార్థి స్వయంగా చదువుకుని సంతకం చేశాడు. కావున అతనికి చదవడం రాదన్న ఆరోపణ అబద్ధమని రుజువైంది.’